వెనక్కి వేసిన అడుగు

చాప మీద తల దించుకుని కూర్చున్నాను. కూర్చోవడం ఒక్కటే నా పని. తల ఎత్తకూడదు, మాట్లాడకూడదు, ఎవరు పలకరించినా పలకకూడదు, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా నేను గుమ్మం ముందు దింపిన మూటతో సమానం. కోటు నాది కాదు, జేరే వాళ్ళన్నయ్యది, చంకల దగ్గర బిగుతుగా ఉండి ఊపిరి పీల్చినప్పుడల్లా ఎక్కడో ఒక కుట్టు టప్పుమంటోంది. మామిడి చెట్టు నీడ ఇందాక నా మోకాళ్ళ మీద ఉండేది, జరిగి జరిగి పక్కన కూర్చున్న జేరే ఒళ్ళో పడింది. వాడు మా జట్టు గోల్‌కీపరు, ఇవాళ నా తరఫున మాట్లాడడానికి వచ్చిన పెద్దమనిషి కూడా వాడే. వానలు ఇంకా పడలేదు. రాగి కరిగించే పొగగొట్టాల గంధకం ఘాటు గొంతులో గీరుతోంది, దానికి అడ్డం పడుతూ పెరట్లోంచి వేరుశనగ పొడి వేసి ఉడికిస్తున్న ఆకుకూర వాసన, కోడికూర వాసన, ఎండు చేపల వాసన. అవన్నీ నాకోసం వండినవే. ఇందాకటిదాకా ఆడవాళ్ళు డోలు కొడుతూ పాడుతూనే ఉన్నారు. పాట మధ్యలో ఆగిపోయింది. ఆగిన చోట నా భార్య మేనమామ న్కాందూగారి గొంతు మొదలైంది. గోడ అవతలి మాటలు సరిగా తెలియడం లేదు, ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ తెలుస్తోంది. నిన్న, నిన్న, నిన్న.

నిన్న మేం ఓడిపోయాం, నా వల్ల. ఇవాళ వీళ్ళు నన్ను ఇంట్లోకి చేర్చుకోవాలి. ఈ రెండూ పక్కపక్క రోజుల్లో ఎందుకు పడ్డాయో పైవాడికే తెలియాలి. మా బెంబా తెగ వాళ్ళలో పెళ్ళయినంత మాత్రాన అల్లుడు అల్లుడైపోడు. అత్తగారి ఎదుట పడకూడదు, ఆవిడతో మాట్లాడకూడదు, ఆవిడ ఇంటి గడప తొక్కకూడదు, దారిలో ఆవిడ వస్తోందంటే దారి వదిలి గడ్డిలోకి దిగి ముఖం పక్కకి తిప్పుకుని ఆవిడ దాటిపోయేదాకా నిలబడాలి. ఏదో ఒక రోజు, వాళ్ళకి నమ్మకం కుదిరాక, ఇదిగో ఇలా చాప వేసి, వంటలన్నీ వండి, అత్తగారే ముందు పలకరిస్తే అప్పుడు మన నోరు తెరుచుకుంటుంది. టౌన్‌షిప్‌లో చాలామంది ఇదంతా వదిలేశారు. మా అత్తగారు వదల్లేదు. ఉత్తరాన మా బెంబాల పాత పల్లెలున్న కసామా వైపు నుంచి వచ్చిన మనిషి, గని క్వార్టర్లలో ఇన్నేళ్ళు కాపురం చేసినా కసామాని కొంగున ముడేసుకునే ఉంది. నేనూ వదల్లేదు. మా మేనమామ నన్ను పెంచాడు, ఆయన పెంపకంలో ఇది రాకుండా ఎలా ఉంటుంది, ఒకసారి నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని, వెనక బొగ్గు బస్తా కట్టుకుని వస్తూ, ఎదురుగా వాళ్ళత్తగారు కనిపించేసరికి సైకిలుతో సహా, నాతో సహా, బస్తాతో సహా మొక్కజొన్న చేలోకి దూకేశాడు. ముఖమంతా బొగ్గు. ఆకుల సందుల్లోంచి ఆవిడ పాదాలు మాత్రం కనిపించాయి, తొందర లేకుండా వెళ్ళిపోతూ. మామ నా నోటి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆ చేతి ఉప్పదనం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

అత్తగారి ముఖం నాకు తెలియదు. నల్ల గొడుగు తెలుసు. పసుప్పచ్చ చితెంగే గుడ్డ నడుముకి చుట్టుకుంటుందని తెలుసు. రబ్బరు చెప్పులు తెలుసు, కుడి చెప్పు ఎడమదానికంటే కాస్త గట్టిగా చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు వినబడితే నా మెడ దానంతటదే తిరిగిపోతుంది. రెండేళ్ళుగా ఈ కాళ్ళు నన్ను అడక్కుండానే ఆ పని చేస్తున్నాయి. బజారులో టమాటాల దగ్గర చేశాయి. క్లినిక్ వరుసలో చేశాయి, నా వంతు పోయింది, జ్వరంతోనే ఇంటికి వెళ్ళాను. ఒకసారి మినీబస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటే తలుపులోంచి ముందు గొడుగు లోపలికొచ్చింది, కిటికీలోంచి దిగిపోయాను. కండక్టరు వెనకాల పడి, "ఒరేయ్, మనిషివా పిల్లివా, తలుపున్నది ఎందుకురా!" అని అరిచాడు. వానలో నడుచుకుంటూ ప్రాక్టీసుకి వెళితే కోచ్ చిపిమోగారు గడియారం చూపించారు, కారణం చెబితే మాత్రం ఏమీ అనలేదు, ఆయనకీ ఒకప్పుడు అత్తగారు ఉండేది కదా.

చీమలు చాప అంచు వెంబడి వరసగా పోతున్నాయి. ఒకటి వెనకబడింది. ఎక్కడికే, అందులో కలువు, కలువు. తాడు. కోచ్ చిపిమోగారు మాకు తాడు కట్టేవారు. మనుషుల్ని గనిలోకి దింపే ఇనుప బోను తాళ్ళ దగ్గర పనిచేసిన మనిషి, ఆయనకి ప్రపంచంలో అన్నీ తాళ్ళే. మా నలుగురు డిఫెండర్ల నడుములకీ బట్టలారేసే తాడు ఒకటే కట్టి, మధ్యలో కొంచెం కొంచెం వదులు ఉంచి, ఈలవేసి ముందుకి, ఈలవేసి వెనక్కి. ఒకడు ఆలస్యమైతే నలుగురికీ నడుం కోసుకునేది. రాత్రి స్నానం చేస్తుంటే గీత మండేది. "దొంగ వెంట పరిగెత్తకండ్రా," అనేవారు, "దొంగ మీకంటే కుర్రాడు, మీకంటే ముందు తిన్నాడు, వాణ్ణి మీరు పట్టుకోలేరు. ఇల్లే ముందుకి జరిపెయ్యండి." ఆఫ్‌సైడు అంటే అంతే. వాళ్ళవాడు బంతి తన్నే క్షణానికి వాళ్ళ స్ట్రైకరు మా నలుగురినీ దాటి మా గోలు వైపు ఉంటే అది తప్పు, జెండా లేస్తుంది. అందుకే బంతి తన్నబోయే ముందు మేం నలుగురం ఒక్కసారిగా ముందుకి అడుగేస్తాం. వాడు కదలకుండానే, నిలబడ్డచోటే నిలబడి, తప్పు చేసినవాడైపోతాడు. పాపం అనిపిస్తుంది ఒక్కోసారి, వాడి ముఖం చూస్తే. నలుగురిలో ఒక్కడు వెనక ఉండిపోయినా చాలు, వల చిరిగినట్టే, గీత వాడి దగ్గరే ఉన్నట్టు లెక్క, స్ట్రైకరు దొర అయిపోతాడు. ఎప్పుడు అడుగెయ్యాలో నలుగురికీ చెప్పేది నేను. చెయ్యెత్తి "ముందుకు!" అంటాను. తాడు విప్పేశాక కూడా చాలాకాలం నడుముకి తాడు ఉన్నట్టే ఉండేది, పక్కవాడి ఊపిరి కూడా తెలిసేది, అందరం ఒక్క నిద్రలో నడుస్తున్నట్టు ఉండేది. ఆ నడక నాకు ఇష్టం. గోలు కొట్టేవాళ్ళకి ఏం దొరుకుతుందో నాకు తెలియదు, నాకు మాత్రం ఆ ఒక్క అడుగు చాలు.

లోపల పిల్ల ఏడ్చింది. చోంబా. నా కూతురు. నా ఒళ్ళంతా ఆ వైపు తిరిగింది, తల మాత్రం దించుకునే ఉంది. మొదటి కాన్పుకి నా భార్య లోంబే పుట్టింటికి వచ్చింది, పిల్ల పుట్టింది, నేను ఈ గుమ్మం దాటకూడదు కాబట్టి వాళ్ళు లోపల, నేను బయట. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక కంచె దగ్గర నిలబడితే లోంబే పిల్లని ఎత్తుకుని వచ్చేది. కంచె కంతలోంచి నా వేలు పెడితే పిల్ల పట్టుకునేది. ఎంత బలం అనుకున్నారు, వదిలేది కాదు. పాలవాసన, ఇనుపతీగ తుప్పువాసన, నాకు రెండూ కలిసిపోయాయి, ఇప్పుడు ఎక్కడ తుప్పువాసన తగిలినా నాకు నా కూతురు గుర్తొస్తుంది. నన్ను చేర్చుకున్నాకే తల్లీబిడ్డల్ని నాతో పంపుతామని అత్తగారి మాట. అత్తగారి మాటకి తిరుగులేదు, న్కాందూ మామయ్య మాటకి అసలే లేదు, మాలో ఆడపిల్లల సంగతి తేల్చేది మేనమామే. ఇవాళ ఆయన వద్దంటే మళ్ళీ ఎప్పుడో. పిల్లకి అప్పటికి పళ్ళొస్తాయి, నడకొస్తుంది, కంచె అవతల నన్ను చూసి ఎవరో అనుకుంటుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా కోటు మరింత బిగుసుకుంటోంది. మొన్న కంచె దగ్గర లోంబే నవ్వుతూ అంది, "అమ్మది ఇవాళ కూడా అదే గొడవ. పిల్ల ముక్కు ఎవరిదో తేలడం లేదట. మా వైపు ఎవరికీ ఇలాంటి ముక్కు లేదట."

"నాదే, ఇంకెవరిది?" అన్నాను.

"నీదని నాకు తెలుసు. ఆవిడకెలా తెలుస్తుంది? పెళ్ళి ఫోటోలో నువ్వు బూట్లకి దణ్ణం పెడుతున్నట్టున్నావు. ఫోన్లో చూపిస్తానంటే, అల్లుడి ముఖం ఫోన్లో చూడ్డం దొంగచూపే అంది. ముక్కు మాత్రం రోజూ కొలుస్తోంది, వేలితో."

అప్పుడు ఇద్దరం కంచెకి చెరోవైపు ఆనుకుని నవ్వాం. నిన్నటికి ముందు నవ్వు అది. నిన్న మైదానం అంచున మనుషులు చెట్ల కొమ్మల మీద కూడా కూర్చున్నారు, డ్రా అయితే చాలు, పై లీగుకి వెళ్ళిపోతాం, టౌన్‌షిప్ మొత్తం గొంతు చించుకుంటోంది, న్కాందూ మామయ్య తన పాత గని టోపీకి జట్టు రంగు వేసుకుని గోలు వెనక నిలబడ్డారు. మా మైదానానికి గోడ లేదు. కుడివైపు గీత పక్కనే కాలిబాట, క్లినిక్ నుంచి బజారుకి, ఆట జరుగుతున్నా సరే ఆ బాట మీద జనం పోతూనే ఉంటారు, నెత్తిన బేసిన్లతో, సైకిళ్ళతో, ఎవరికీ వింతగా ఉండదు. ఆట చివరికి వచ్చింది. కాళ్ళు నీళ్ళయిపోయాయి. రెండు జట్లూ సమానం. వాళ్ళ మిడ్‌ఫీల్డరుకి బంతి దొరికింది, తల ఎత్తాడు. వాళ్ళ స్ట్రైకరు నా భుజం పక్కనే, పొడుగ్గా, చూయింగ్ గమ్ నములుతూ, పుదీనా వాసన. వాడి కాలు ఎటు ఊగుతుందో నాకు తెలుసు. చెయ్యెత్తాను. "ముందుకు!" అని అరిచాను. ముగ్గురూ కదిలారు. నా కాలు కూడా లేచింది.

అప్పుడు బాట మీద నల్ల గొడుగు. పసుప్పచ్చ గుడ్డ. నాకు ఎదురుగా, నిదానంగా, నా వైపే వస్తోంది. చెప్పుల చప్పుడు ఆ గోలలో వినబడే అవకాశమే లేదు, కానీ వినబడింది, కుడి చెప్పు కాస్త గట్టిగా. మిగతా శబ్దాలన్నీ ఎవరో దుప్పటి కప్పినట్టు ఆగిపోయాయి. గాలిలో ఉన్న నా కాలు ముందుకి పడలేదు. వెనక్కి వచ్చింది. ఇంకో అడుగు కూడా వెనక్కే. గడ్డి మెత్తగా తగిలింది. ముఖం పక్కకి తిప్పాను, తల కొద్దిగా వంచాను, చేతులు ముందు కట్టుకున్నాను. చెబితే నమ్మరు, ఆ క్షణంలో నాకు తప్పు చేస్తున్నానని ఏమాత్రం అనిపించలేదు. పెద్దావిడకి దారి ఇచ్చాను, అంతే, చెయ్యవలసిన పని చేసినప్పుడు ఎంత తేలికగా ఉంటుందో అంత తేలికగా ఉంది. ఎండ కూడా చల్లగా ఉన్నట్టుంది. మొక్కజొన్న ఆకులు, మామ చెయ్యి, ఉప్పు. ఆ తర్వాత నా చెవి పక్కనుంచి బంతి వెళ్ళింది, దాని వెనకాల పుదీనా వాసన వెళ్ళింది.

మావాళ్ళు ముగ్గురూ చేతులు పైకెత్తారు, ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్ అని. లైన్స్‌మన్ జెండా ఎత్తలేదు, మడిచిన జెండాతో నా వైపు చూపించాడు. నన్ను అందరూ చూశారు, వాళ్ళందరి కంటే వెనక, ఒక్కణ్ణే, చేతులు కట్టుకుని చర్చిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాను. వల ఇంకా ఊగుతోంది. ఎవడో చెట్టు మీదనుంచి అరిచాడు, "కంచే చేను మేసిందిరోయ్!" ఆ మాట మైదానం చుట్టూ తిరిగి వచ్చింది. బాట వైపు చూశాను. గొడుగు లేదు. నిజంగా వచ్చిందా, ఎండకి నాకు అలా తోచిందా? ఆవిడ ఫుట్‌బాల్‌కి ఎప్పుడూ రాలేదు, తోలు బుడగ కోసం మగాళ్ళు కొట్టుకోవడం చూడ్డానికి నాకు తీరిక లేదు అంటుందట. క్లినిక్ ఆ వేళకి మూసేస్తారు. బజారుకి దగ్గర దారి వేరే ఉంది. అయితే ఎందుకు వచ్చినట్టు? పొద్దున్నుంచి తలలో ఇదే తిరుగుతోంది, అడగడానికి మనిషి లేదు.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? అత్తగారు కనిపించింది, అందుకని వెనక్కి వెళ్ళాను అంటే రాత్రికల్లా ప్రతి బారులోనూ ఆవిడ పేరే పాట అవుతుంది, టౌన్‌షిప్‌ని ముంచిన ఆడమనిషి అంటారు, బజారులో ఆవిడ టమాటాలు బేరం చేస్తుంటే వెనక నవ్వుతారు. నన్ను అన్నారు, ఏమన్నా నాకు ఫర్వాలేదు. అమ్ముడుపోయాడన్నారు. చేతబడి అన్నారు. పెళ్ళాం పుట్టింట్లో ఉంటే వీడు నిలబడి నిద్రపోతున్నాడన్నారు, దానికి మాత్రం నాకూ నవ్వొచ్చింది. కోచ్ చిపిమోగారు ఏమీ తిట్టలేదు. బూట్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చుని, "తాడు విప్పకుండా ఉండాల్సిందిరా కసొండె, నాదే తప్పు," అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ మాట నన్ను రాత్రంతా నమిలింది. పై లీగులో ఒక్క ఏడాదైనా మమ్మల్ని నడిపించి ఇంట్లో కూర్చుంటానని ఆయన ఆశ. నా రెండడుగుల్లో ఆయన ఆశ పోయింది, ఇది మాత్రం ఏ మర్యాదతోనూ కడుక్కోలేను.

జేరే ఒక్కడే ఏదో పసిగట్టాడు. వాడిది న్గోనీ తెగ, నాది బెంబా, పూర్వం మా తాతలూ వాళ్ళ తాతలూ ఈటెలతో పొడుచుకున్నారు కాబట్టి ఇప్పుడు మాకు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునే హక్కుంది, చావింట్లో కూడా ఆ వరస ఆగదు. మేం కోతుల్ని తింటామని వాళ్ళంటారు, వాళ్ళు ఎలకల్ని తింటారని మేమంటాం. నిన్న ఇంటికి నడుస్తూ అన్నాడు, "వెనకనుంచి నేను చూశాన్రా. దేనికో దణ్ణం పెట్టావు. చెట్టు మీద కోతి కనిపించిందా, నోరూరిందా?" "కొండను తవ్వి ఎలకను పట్టే జాతి, నీకెందుకురా నా సంగతి," అన్నాను. మామూలుగా అయితే వాడు దానికి ఇంకోటి అంటించేవాడు. నిన్న అనలేదు. "రేపు కోటు మా అన్నయ్యది తెస్తాలే," అన్నాడు. ఇప్పుడు నా పక్కన కూర్చుని తన ఒళ్ళో పడ్డ నీడని చూసుకుంటున్నాడు, పెదవులు కదపకుండా గొణుగుతున్నాడు, "ఆకలేస్తోందిరా. మీవాళ్ళు నిన్ను తిట్టడమేదో అన్నం పెట్టాక తిట్టకూడదూ."

తలుపు చప్పుడైంది. బూట్లు. గని బూట్లు, ఇనుప ముట్టెలవి, రిటైరైనా మామయ్య వాటినే తొడుక్కుంటారు. నా చాప అంచు దగ్గర ఆగాయి. చీమల వరస చెదిరిపోయింది. నాకు బూట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు, పైనుంచి గొంతు మాత్రం వస్తోంది, అది నాతో కాదు, జేరేతో మాట్లాడుతోంది, ఎందుకంటే నేను ఇంకా మాట్లాడించదగ్గ మనిషిని కాను.

"అబ్బాయ్, మీవాణ్ణి అడుగు. నిన్న ఎందుకు వెనక్కి వెళ్ళాడో అడుగు."

"మామయ్యా, వాడు నోరు తెరవకూడదు కదా," అన్నాడు జేరే మెల్లగా. "ముందు చేర్చుకోండి, రేపు తీరిగ్గా నేనే నాలుగు తన్ని, అడిగి చెబుతా."

"అయితే రేపే చేర్చుకుందాం. ఎప్పటి రేపో నేను చెబుతాను. వచ్చే ఏడాది రేపు." ఆ గొంతులో ఉన్నది కోపమొక్కటే కాదు, ఆయన నిన్న గోలు వెనక టోపీ తీసి ఏడ్చారని విన్నాను. "చిన్నప్పట్నుంచి ఈ జట్టు చూస్తున్నాను. ఓడిపోతే ఏడ్చి పడుకునేవాళ్ళం. ఇలా నిలబడి దారి ఇచ్చినవాణ్ణి చూళ్ళేదు. చేతులు కట్టుకుని మరీ! నా గోలుకి కాపలా కాయలేనివాడు నా మేనకోడలికి కాస్తాడా? ఒక్క కారణం, ఒక్కటంటే ఒక్కటి చెప్పమను, వింటాను."

కారణం నా నాలుక మీదే ఉంది. నోరు తెరిస్తే ఆచారం పోతుంది, పైగా ఆవిడ పేరు బయటపడుతుంది. తెరవకపోతే తలుపు మూసుకుంటుంది. చోంబా మళ్ళీ ఏడుస్తోంది, ఈసారి దగ్గరగా, తలుపు వెనకే. నా వేలు దానంతటదే ముడుచుకుంది, కంచె కంతలో పెట్టినట్టు. చెప్పెయ్ చెప్పెయ్ చెప్పెయ్ అంటోంది ఒళ్ళంతా. పళ్ళు బిగించాను. చెమట ముక్కు చివరనుంచి చాప మీద పడింది, ఒక చీమ దాన్ని చుట్టి వెళ్ళింది. జేరే లేచి నిలబడ్డాడు, ఇక వెళ్దాం అన్నట్టు. ఒక కుట్టు తెగింది.

"అన్నయ్యా, ఇంక ఆపు."

ఆ గొంతు నాకు తెలియదు. తెలియకపోయినా తెలిసింది. రబ్బరు చెప్పుల చప్పుడు, కుడిది కాస్త గట్టిగా, గడప దాటింది, మెట్టు దిగింది. లోపల ఎవరో ఆడవాళ్ళు, "అయ్యో, వంటలు ఇంకా దించలేదు, నువ్వు ముందే వస్తావేంటి!" అని కంగారుపడ్డారు. నా మెడ పక్కకి తిరిగిపోయింది. మోకాలు లేచింది. కాలు చాప దాటి గడ్డిలోకి, వెనక్కి.

"చూశావా అన్నయ్యా," అంది ఆవిడ. "ఇదిగో, నిన్న చేసింది ఇదే."

పొయ్యి మీద ఏదో పొంగి కట్టెల్లో పడి చుయ్యిమంది, ఎవరూ దించలేదు.

"నేనే వెళ్ళాను నిన్న. చర్చి మీటింగని లోంబేకి అబద్ధం చెప్పి వెళ్ళాను. అంతమంది చూస్తున్న మనిషిని అందరితోపాటు నేనూ చూస్తే తప్పేముంది అనుకున్నాను. దూరం నుంచి ఆనలేదు, కాస్త దగ్గరికి నడిచాను. నాకేం తెలుసు అక్కడ అడుగు లెక్కని? అల్లుడుగారు నన్ను చూశారు, వెనక్కి తప్పుకున్నారు. అంతమంది మధ్యలో, అంత ఆటలో కూడా నాకు దారి ఇచ్చారు. ఇల్లు చేరాక నువ్వు వచ్చి తిడుతుంటే అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. రాత్రంతా చూశాను, పొద్దున్న కూడా చూశాను, ఎవరితోనైనా నా పేరు చెబుతారేమోనని. చెప్పలేదు. ఇప్పుడు ఇంతసేపు తలుపు వెనక నిలబడింది కూడా అందుకే. చెప్పలేదు." ఆవిడ ఊపిరి తీసుకుంది. తర్వాత మాట నా మీదకి వచ్చింది, నేరుగా, నా జీవితంలో మొదటిసారి. "మీరు కూర్చోండి నాయనా. రెండేళ్ళుగా మీ వీపే చూస్తున్నాను. ఆ ముఖం ఇటు తిప్పండి."

తిప్పడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను. మెడ నాది కాదు, రెండేళ్ళుగా ఆవిడది. మెల్లగా తిప్పాను. చెప్పులు కనిపించాయి, పసుప్పచ్చ గుడ్డ, మోచేతి మీద నా కూతురి తల, ఆ పైన ముఖం. చిన్న ముఖం. నేను ఏదో పెద్దగా ఉంటుందనుకున్నాను. కళ్ళు తడిగా ఉన్నాయి, ఆ తడితోనే నన్ను పరీక్షగా చూస్తోంది, బజారులో కూరగాయ చూసినట్టు, అటు ఒకసారి, ఇటు ఒకసారి. పిల్ల వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"అవును," అంది. "ఈ ముక్కే."

లోపలి ఆడవాళ్ళలో ఎవరో పకపకా నవ్వారు, ఇంకెవరో నాలుక ఆడించి ఉలులూ అని అరిచారు, డోలు మీద దెబ్బ పడింది. న్కాందూ మామయ్య బూట్లు రెండడుగులు అటు వేసి, రెండడుగులు ఇటు వేసి, చివరికి నా చాప మీదే కూలబడ్డాయి. "ఒక్క ముక్కు చూడ్డానికి," అన్నారాయన, ఎవరితో అంటున్నారో ఆయనకే తెలియనట్టు, "ఒక్క ముక్కు కోసం మమ్మల్ని కింది లీగులో కూర్చోబెట్టావు కదమ్మా." జేరే ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మామయ్యా, ఈ సంగతి కోచ్‌కి నేను చెబుతా, టౌన్‌షిప్‌కి మాత్రం చేతబడే అని చెబుదాం," అన్నాడు. మామయ్య ముఖం చేత్తో తుడుచుకుని తల ఊపారు. ఓటమి అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు, రేపు ప్రాక్టీసుకి వెళితే బూట్ల పక్కన కోచ్ ఖాళీ ముఖం ఉంటుంది. అది నాకు తెలుసు. అయినా నా ఒళ్ళు తేలికైపోతోంది.

అత్తగారు మెట్టెక్కి గడప దగ్గర ఆగింది. పిల్లని నా వైపు చాపింది. నాకూ ఆ చేతులకీ మధ్య నాలుగైదు అడుగుల నేల. ఇన్నాళ్ళూ ఆవిడని చూస్తే వెనక్కే నడిచిన కాళ్ళు, ముందుకి నడవడం వాటికి ఎవరూ నేర్పలేదు, గడ్డిలోనే నిలబడిపోయాయి.

"రండి," అంది ఆవిడ. "ఈసారి వెనక్కి వెళితే నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తాను."

చోంబా నన్ను చూసింది. మధ్యలో ఇనుపతీగ లేకుండా చూడడం ఇదే మొదలు, వేలి కోసం చెయ్యి చాపి గాలిలో పట్టుకుంటోంది. పక్కవాళ్ళు ఎక్కడున్నారో చూసుకోలేదు. చెయ్యెత్తలేదు, అరవలేదు. ముందుకి అడుగేశాను.